బాయి ముందు తనిఖీ

మందమర్రిలో బొగ్గు గనిని బాయి అంటారు. బాయి దిగే ముందు ప్రతి కార్మికుడూ చేతులు పైకి లేపి నిలబడాలి. తనిఖీ మనిషి జేబులు, నడుము, తలకు చుట్టిన తువ్వాల తడిమి చూస్తాడు. లోపల గ్యాస్ ఉంటే ఒక్క అగ్గిపుల్ల చాలు, అందరి ప్రాణాలూ పోతాయి. బీడీ కట్టలు పైనే అతని దగ్గర పెట్టి దిగుతారు, పైకి వచ్చాక తీసుకుంటారు. సదానందం రిటైరయ్యేదాకా చేసింది ఆ పనే. తడిమి చూశాక ప్రతి మనిషికీ ఒకే మాట చెప్పేవాడు: "సాఫ్. దిగు."

బుచ్చిరాములు టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, చప్పుడు విని, దుంగ ఎక్కడ పడాలో చూసుకునేవాడు. పనిలో పేరున్నవాడే గానీ తాగుబోతు. ఒక పొద్దున మొదటి షిఫ్టుకు వస్తే సదానందం జేబులు తడిమి, వాసన పసిగట్టి, చేయి అడ్డం పెట్టాడు.

"తమ్మీ, ఇయ్యాల నువ్వు దిగొద్దు. నువ్వు పెట్టే దుంగ కింద పదిమంది కూసుంటరు."

అందరి ముందూ వెనక్కి పంపినందుకు బుచ్చిరాములు తిట్టరాని తిట్లు తిట్టాడు. ఆ ఆదివారం సాయంత్రం సదానందమే అతని క్వార్టరుకు వచ్చి, తాగుడు మానినవాళ్లు కూర్చునే గదికి తీసుకుపోయాడు. అతనూ ఒకప్పటి తాగుబోతే.

ఆ గదిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా వచ్చినవాడి చేతులు వణుకుతాయి గనుక ఎవరో ఒకరు బీడీ ముట్టించి అతని వేళ్ల మధ్య పెడతారు, తర్వాత చాయ్ ఇస్తారు. బుచ్చిరాములుకు ఆ బీడీ ఇచ్చింది ఓంప్రకాశ్, మోటార్ల మెకానిక్కు. మందు ఆగింది. మందు ఖాళీ చేసిన చోటంతా బీడీ ఆక్రమించింది. కొన్నేళ్లకు దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల ఫొటో చూసిన డాక్టరు బీడీ మానకపోతే బాయి పనే కాదు, మెట్లెక్కడం కూడా కష్టమన్నాడు.

గదిలో ఆ మాట చెబితే ఓంప్రకాశ్ తల అడ్డంగా ఊపాడు.

"మందు ఇడిసినవ్, గది సాలు బుచ్చన్నా. బీడీ గూడ బందు వెడితే పిచ్చి లేస్తది. సీదా బెల్టుషాపుకే పోతవ్. సుధాకర్ గట్లనే పాయె గదా!"

సుధాకర్ కూడా ఆ గదికి వచ్చినవాడే. బీడీ మానిన నెలలోపే మళ్లీ సీసా పట్టి, ఆ గది వైపు రావడమే మానేశాడు. ఇంట్లో భార్య భూమవ్వదీ అదే భయం. "తాగితే బీడీ తాగు, నీకు దండం పెడుత. సీసా మాత్రం మల్ల ఇంట్లకు రావద్దు," అంది.

బుచ్చిరాములు తనకు తానే ఒక ఉపాయం ఆలోచించాడు. బాయిలో ఉన్నంతసేపూ బీడీ మీదికి మనసు పోదు. అక్కడ దొరకదని ఒంటికి తెలుసు. అయితే బాయిలోనే ఎక్కువసేపు ఉంటే సరి. ఓవర్‌టైమ్ అడిగి చేశాడు. ప్లేడేలు, అంటే ఆదివారం డ్యూటీలు, ఒక్కటీ వదల్లేదు. ఆదివారం బాయిలో ఉంటే సాయంత్రం ఆ గదికి పోవడం కుదరదన్న సంగతి పట్టించుకోలేదు.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఒక ఆదివారం పైకి వచ్చేసరికి ఒంట్లో సత్తువ లేదు. వెలుగు కళ్లలో పడగానే బీడీ గుర్తుకొచ్చింది. కాళ్లు కాలనీ చివరి దుకాణం వైపు నడిచాయి. దుకాణదారు బీడీ కట్టతో పాటు ఒక క్వార్టరు సీసా కూడా బల్ల మీద పెట్టాడు. "శానొద్దులాయె బుచ్చన్నా," అన్నాడు నవ్వుతూ.

కట్టను జేబులో వేసుకున్నాడు. సీసా వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి గొంతు వినిపించింది.

"చేతులు లేపు."

ఎవరని చూడకుండానే చేతులు లేచాయి. ఇన్నేళ్ల అలవాటు. గదికి రావడం లేదని వెతుక్కుంటూ వచ్చిన సదానందం అతని జేబులోని కట్ట తీసి, సీసా పక్కన పెట్టాడు.

"సాఫ్. దిగు."

"యాడికి దిగాలె అన్నా? బాయి ఎనుకకాయె."

"ఇంటికి. ఇల్లు గూడ బాయే అనుకో."

"మరి నీ జేబుల కట్టో?"

సదానందం తన జేబు తడుముకున్నాడు. తర్వాత తన కట్ట కూడా తీసి ఆ బల్ల మీదే పెట్టాడు. "రోజు మాపటికి మా ఇంటికి రా. నేను నిన్ను చూస్త, నువ్వు నన్ను చూడు."

మరుసటి రోజు నుంచి సాయంత్రం సదానందం గేటు దగ్గర ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు చేతులు లేపేవారు. కాలనీ అంతా నవ్వింది. "దొంగలు మీరే, పోలీసులు మీరే," అనేది సదానందం భార్య కమలవ్వ. ఇంకెవరు తడిమినా బుచ్చిరాములుకు కోపం వచ్చేదేమో. సదానందం చేయి కూడా తన చేయిలాగే వణికేది, అందుకే కోపం రాలేదు. ఒకరోజు సదానందం తువ్వాల మడతలో ఒంటి బీడీ దొరికింది.

"ఊరోళ్ల దొంగతనాలన్ని పట్టినోనివి, నీ దాపుడు గింతేనా అన్నా?"

ఇద్దరూ నవ్వారు. సదానందం నవ్వు దగ్గయింది. ఎంతకూ ఆగలేదు.

అతని ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. ఎండాకాలం మొదట్లో మంచిర్యాల ఆసుపత్రిలో చేర్చారు. చూడటానికి పోయిన బుచ్చిరాములు గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి పోవడానికి ధైర్యం చాల్లేదు. బీడీ కట్ట కొని జేబులో పెట్టుకున్నాకే కాళ్లు కదిలాయి.

సదానందం ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మాట్లాడటం కష్టంగా ఉంది. చేతులు లేపమన్నట్టు రెండు వేళ్లు పైకి లేపి చూపించాడు. బుచ్చిరాములు మంచం పక్కన వంగి చేతులు లేపాడు. సదానందం చేయి మెల్లగా అతని జేబులోకి పోయి కట్టను పట్టుకుంది.  దాన్ని తన దిండు కిందికి తోశాడు. చాలాసేపటికి అన్నాడు:

"పైకొచ్చినంక ఇస్త తియ్."

సదానందం ఇంటికి రాలేదు. దినవారాలయ్యాక కమలవ్వ ఆ కట్టను బుచ్చిరాములు చేతిలో పెట్టింది. "నీదేనంట. ఇయ్యమన్నడు." కట్టకు చుట్టిన దారం తెగలేదు. ఆ రాత్రులన్నీ అది సదానందం తల కిందే ఉంది.

ఆదివారం ఆ గదికి వచ్చినవాళ్లంతా బుచ్చిరాములు వస్తాడా రాడా అని చూస్తున్నారు. వస్తే ఎలా వస్తాడో అని కూడా. సుధాకర్ పేరు ఎవరూ ఎత్తలేదు. బుచ్చిరాములు వచ్చాడు. గడప దాటకుండా గుమ్మంలోనే ఆగి, రెండు చేతులూ పైకి లేపాడు.

 చివరికి ఓంప్రకాశ్ లేచాడు. సగం కాల్చిన బీడీ అతని చెవి మీద అలాగే ఉంది. జేబులు తడిమాడు, నడుము తడిమాడు. కట్ట దొరికింది. బయటి కిటికీ అరుగు మీద దాన్ని పెట్టాడు. చెవి మీది బీడీ కూడా తీసి దాని పక్కన పెట్టాడు.

"సాఫ్‌గున్నది బుచ్చన్నా," అన్నాడు.  "దిగు."

బుచ్చిరాములు చేతులు దించి లోపలికి వచ్చి కూర్చున్నాడు.