సత్యారావు వార్తల్లో మాజీ ప్రధాన్

బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర సత్యారావుకి హార్డ్‌వేర్ కొట్టు ఉంది. వారమంతా మేకులు, పైపులు, తాళ్ళు అమ్ముతాడు. ఆదివారం సాయంత్రం మాత్రం షట్టరు సగం దించి వార్తలు చదువుతాడు. టీవీలో కాదు, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో. హిందీలో చదువుకునే ఇక్కడి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ అక్షరాలు కనబడితే తల తిప్పుకుంటారు. అందుకే రాయడం మానేసి గొంతుతో పంపిస్తాడు. ఎవరింట పెళ్ళి, ఏ ఓడ ఆలస్యం, నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఏ ఆఫీసరు వచ్చి ఏం చెప్పి వెళ్ళాడు, అన్నీ అందులోనే.

ఆఫీసర్ల దగ్గర ఆయనకో పట్టింపు ఉంది. ముందు హోదా, తర్వాత పేరు, అంతే. సొంత మేనల్లుడైనా వార్తల్లో 'జూనియర్ ఇంజినీర్ సాయి' అవుతాడే తప్ప 'మన సాయి' కాడు. 'గారు' ఎవరికీ తగిలించడు. ఒకరికి తగిలించి ఇంకొకరికి మరిచిపోతే ఇంత చిన్న ఊళ్ళో బతకనివ్వరని ఆయన భయం. పదవి దిగిపోయినవాళ్ళకి 'మాజీ' తప్పదు. దీన్ని చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆయన ప్రాణానికి మాత్రం అదే హాయి.

ఆ హాయికి గండి కొట్టింది పెదబాబు. ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో ఈ దీవికి వచ్చారు. వీళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. పెదబాబు పక్కనున్న నారియల్‌టిక్రీ పంచాయతీకి రెండుసార్లు ప్రధాన్, అంటే సర్పంచి. ఈసారి సుందరి చేతిలో ఓడిపోయాడు. అయితే ఆ ఊళ్ళో ఒకసారి ప్రధాన్ అయినవాణ్ణి చచ్చేదాకా అలాగే పిలుస్తారు. టీ కొట్టువాడూ ఆటోవాడూ 'ప్రధాన్ జీ' అంటుంటే పెదబాబుకి తను ఓడిన సంగతి గుర్తు రావడమే మానేసింది.

ఇంతలో కొత్త బస్సు షెడ్డు ప్రారంభం వచ్చింది. మంజూరు చేయించింది పెదబాబు, రిబ్బను కత్తిరించేది సుందరి. ముందురోజు పెదబాబు కొట్టుకొచ్చి మేకుల డబ్బా మీద కూర్చున్నాడు.

"ఒరే సత్యం, వార్తల్లో నన్ను ప్రధాననే సెప్పు. ఏక్ బార్, ఒక్కసారి సాలు. ఆ షెడ్డు నాదిరా."

"షెడ్డు నీదేనని సెప్తాను. కుర్సీ నీది కాదు గదరా."

"ఊరంతా అంటంది. నీ నోటికేటి నొప్పి?"

సత్యారావు పైపులు సర్దుకోసాగాడు. ఆదివారం మాత్రం చదివేశాడు: "షెడ్డును ప్రధాన్ సుందరి ప్రారంభించారు. దీన్ని మంజూరు చేయించింది మాజీ ప్రధాన్ పెదబాబు."

మర్నాడు పెదబాబు టీకి రాలేదు. ఆ వారమంతా ఆ ఛాయలకే రాలేదు. సత్యారావు అలవాటుకొద్దీ రెండు టీలు చెప్పి, రెండోది చల్లారాక తనే తాగేవాడు. ఇన్నేళ్ళ స్నేహం ఒక్క మాటకి పోతుందా అని కుమిలిపోయాడు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. అబద్ధం చదివితే రేపు ఓడ వేళలు చెప్పినా ఎవరూ నమ్మరు.

శనివారం మధ్యాహ్నం పెదబాబు వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"హోప్ టౌన్‌లో సేపలమ్మే ఎరుకమ్మ లేదూ, దాని రేషన్ కార్డు కాయితానికి ప్రధాన్ సంతకం కావాలంట. అందరూ నన్నే ప్రధానంటారు గదా, నిన్న మా ఇంటికొచ్చి కూకుంది. నాను కాదని సెప్పడానికి నోరు రానేదురా. టీ ఇచ్చి రేపు రమ్మన్నాను. ఇయ్యాల బేరం మానుకుని, నాకని సేప కూడా అట్టుకొచ్చింది."

"మరేటి సేశావు?"

"సుందరి కాడికి నానే తీసికెళ్ళాను. సంతకం అయిపోనాది." మేకుల డబ్బా మీద కూలబడ్డాడు. "గుమ్మంలో నిలబడి 'ప్రధాన్ గారూ' అని పిలిసాను. ఆ సుందరికి బారసాలనాడు ఉయ్యాల కట్టింది నానేరా."

సత్యారావు రెండు టీలు చెప్పాడు. ఆ పూట రెండోది చల్లారలేదు.

మర్నాడు సాయంత్రం వార్తలకి పెదబాబు పక్కనే కూర్చున్నాడు. ఓడ వేళలయ్యాయి, నీళ్ళ కబురయింది. సత్యారావు చివరి వార్త ఎత్తుకున్నాడు. "సంతకాలు కావలసినవాళ్ళు ప్రధాన్ సుందరి ఇంటికి వెళ్ళాలి. దారి తెలియనివాళ్ళని..." అని స్నేహితుడి వైపు చూసి గొంతు తగ్గించాడు. "మాజీ ప్రధాన్ పెదబాబు దగ్గరుండి తీసుకెళ్తారు."

పెదబాబు మోచేత్తో పొడిచాడు.

"గట్టిగా సెప్పరా, ఎరుకమ్మకి సెవుడు."