సగం తెగిన అడ్రసు

“బండి ఏడిదాంక వచ్చిందే?” అన్నాడు. “వస్తుంది, జర ఓపిక పట్టు” అన్నాను. మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. మొన్న వనపర్తిలో మా తమ్ముని బిడ్డ కంప్యూటర్ పక్కన కూర్చున్నప్పుడు, అవి మళ్ళీ చెవిలో పడ్డట్టయింది.

ఫోనులో బండ్లు పిలిపించుకునే పేజీ ఒకటి తయారుచేయడం ఆ పిల్ల పని. అది ఎట్లా నడుస్తుందో చూడడానికి నా అడ్రసే అందులో వేసింది. నాకు చదువు బస్సు బోర్డు కూడబలుక్కునేంతే, అయినా వేలు పెట్టి చదువుతూ పోతే నాగర్‌కర్నూల్, అచ్చంపేట, మన్ననూర్, అంతే. ఆ తర్వాత మూడు చుక్కలు. మేముండే వాగు అవతలి ఇండ్లు లేనే లేవు.

“మన ఇండ్లు ఏమాయె బిడ్డా?”

“అడ్రసు చూపెట్టే జాగ చిన్నది అత్తా. అడ్రసు పొడుగుంటే మొదటి అక్షరాలు కొన్ని తీస్కొని చూపిస్తది, మిగిలింది కోస్తది” అని నవ్వింది.

ఆనాడు మా ఆయనకు గుండెనొప్పి లేచినప్పుడు, గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ దొరకని మా చోట, ఈ పిల్ల తండ్రే ఉరికిపోయి ఫోనులో అడ్రసు కొట్టి బండి పిలిచి, వస్తుందని ధైర్యంగా దిగివచ్చాడు. వాగు వైపు చూసీ చూసీ కళ్ళు కాయలు కాశాయి గానీ బండి మోత లేదు; కొంగుతో తుడుస్తున్న కొద్దీ ఆయన ఒంటికి చెమట పడుతూనే ఉంది. చివరికి తమ్ముడు మన్ననూర్ ఊళ్ళోకి పరుగెత్తితే బండి అక్కడే, బస్సులు ఆగే చోట నిలబడి ఉందట. “గీడికే రమ్మనుంది, ఫోన్ చేస్తే కలుస్తలేదు” అని డ్రైవరు చూపించిన ఫోనులోనూ మన్ననూర్ తర్వాత చుక్కలేనట. అవేమిటో ఆనాడు మాకెవరికీ అర్థం కాలేదు. వాళ్ళు వాగు దాటి వచ్చేసరికి నా ఒళ్ళో ఆయన తల బరువెక్కిపోయింది.

“లోపల మొత్తం ఉంటదత్తా, ముట్టుకుంటే కనపడ్తది.”

“ఆగమాగంల డ్రైవరు ముట్టుకొని చూస్తడా బిడ్డా?”

పిల్ల నవ్వు ఆగిపోయింది. కంప్యూటర్‌లో ఏదో కొట్టి, ఈసారి అక్షరాలను వెనక నుంచి తీసుకునేట్టు మార్చింది. చుక్కలు ముందుకు పోయి, మన్ననూర్, వాగు అవతలి ఇండ్లు అని వచ్చింది. “మనోళ్ళు పెద్దూరు ముందు చెప్తరు, ఇల్లు ఆఖరుకు చెప్తరు. నాకు తట్టకపాయె అత్తా” అంది మెల్లగా.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వెనకట బండి కావాలంటే ఒక మనిషి పోయేవాడు, పోయినవాడు డ్రైవరు పక్కనే కూర్చుని, ఇటు తిప్పు అటు తిప్పు అంటూ వాకిలి దాకా తెచ్చేవాడు. ఇప్పుడు మనిషి ఇంటిదగ్గరే ఉంటాడు, మాట ఒక్కటే పోతుంది. అది అవతలికి ఎంత చేరిందో మనకు కనబడదు. నా కథ అడగవచ్చి నువ్వు రాసుకుంటున్నావు సరే బిడ్డా, నేను చెప్పిందంతా నీ కాగితంలోకి ఎక్కిందో లేదో, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు.