బట్ట మీద కీబోర్డు

తొంభైల్లో నల్లగొండలో కంప్యూటర్ డిగ్రీ చదివేదాన్ని. ల్యాబ్‌లో ముగ్గురికో కంప్యూటర్. మగపిల్లలు కీబోర్డు ముందు కూర్చుంటే మేం వెనక నిలబడి చూడాలి. ఒకరోజు తెగించి కూర్చున్నాను. ల్యాబ్ సారు లేపేశాడు. "దర్జీ బిడ్డకు కుట్టుమిషన్ చాలదా?" అన్నాడు.

కట్టంగూర్‌లో ఇంటికెళ్లి ఏడ్చాను. మా బాపు నా నోట్సులోని కీబోర్డు బొమ్మ చూసి, ముతక గుడ్డ మీద సుద్దతో గళ్లు గీసి, దారంతో అక్షరాలు కుట్టిచ్చాడు. "గీడ కొట్టు బిడ్డా. నిన్నెవడు లేపుతడో నేను చూస్త."

ఆర్నెల్లు దానిమీదే వేళ్లు ఆడించాను.

ప్రాక్టికల్ పరీక్షలో మాత్రం ఎవరి కంప్యూటర్ వాళ్లదే. ఇంకో ఇరవై నిమిషాలున్నాయనగా కరెంటు పోయి వచ్చింది. సేవ్ చేయని ప్రోగ్రాములన్నీ పోయాయి. అందరూ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే, నేను కీబోర్డు చూడకుండానే మొత్తం మళ్లీ కొట్టి చెయ్యెత్తాను.

"ఎవరమ్మా నేర్పింది?" అన్నాడు వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్.

పక్కనే ఉన్న ల్యాబ్ సారు కళ్లలోకి చూస్తూ చెప్పాను. "మా బాపు సార్. దర్జీ."

హైదరాబాదులో ప్రోగ్రామర్‌గా చేరిన రోజు ఆ గుడ్డను నా టేబుల్ మీద పరిచాను. అక్కడ నన్నెవరూ లెమ్మనలేదు. అన్నా లేచేదాన్ని కాదు.