బరువు మీద బిగింపు

జాకీ మీది నుంచి కారు నేలకు దిగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. ఇనుము చప్పుడు కాదది. అడుగున ఇనుప కీళ్ల మధ్య ఉండే రబ్బరు బుష్షులు బండి బరువుకు సర్దుకుంటూ కిర్రుమని చిన్నగా మూలుగుతాయి. జగ్గయ్యపేటలోని నా షెడ్డులో ఆ మూలుగు రోజూ వింటూనే ఉంటాను. విన్నప్పుడల్లా "అమ్మాయ్, ఆగు. అదింకా కూర్చోలేదు" అన్న మాట కూడా వినిపిస్తుంది. ఆ మాటన్న మనిషి పోయి ఏడాది దాటింది. అయినా నా చేయి పానా మీద ఆగిపోతుంది.

వీరభద్రం గారు నందిగామలో హైవే పక్కన పాత కార్ల షెడ్డు నడిపేవారు. ఆటోమొబైల్ డిప్లొమా చేతపట్టుకుని నేను అంతకుముందు గడప ఎక్కిన ప్రతి షెడ్డులోనూ బిల్లుల కౌంటరులో కూర్చోమన్నారు. ఆయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "పానా పట్టడం వచ్చా?" అని అడిగారు. వచ్చన్నాను. "అయితే రేపట్నుంచి ఆ చున్నీ ఇంట్లో పెట్టి రా. ఫ్యాను బెల్టుకు చుట్టుకుందంటే నీతో పాటు నాకూ చావే" అన్నారు. నాకు ఉద్యోగం ఇచ్చిన మాట అదే. ఆయన మనుషుల్ని తిట్టగా నేను వినలేదు గానీ, తుప్పు పట్టి రాని బోల్టును మాత్రం దాని వంశంతో సహా తిట్టేవారు. అది ఊడి వచ్చాక ముద్దుగా తుడిచి పక్కన పెట్టేవారు.

అలా పనిచేస్తున్న రోజుల్లో పెనుగంచిప్రోలు నుంచి ప్రసాదు గారనే రైతు తన తండ్రి నాటి పద్మిని కారు తెచ్చారు. కొడుకు పెళ్లి. ఊరేగింపు ఆ కారులోనే జరగాలట, పైగా అది నేలకు దగ్గరగా, ఠీవిగా కనిపించాలని పెళ్లికొడుకు ముచ్చట. అందుకోసం ముందు చక్రాలకు పొట్టి స్ప్రింగులు ఎక్కడినుంచో తెప్పించాడు. "మన స్పీడు బ్రేకర్లు చూశాక కూడా ఈ కోరికేంటయ్యా" అని నవ్వి, వీరభద్రం గారు ఆ పని నా చేతికిచ్చారు. పూర్తిగా నాకొక్కదానికే అప్పజెప్పిన మొదటి బండి అది. స్ప్రింగులు ఎక్కించాను, బోల్టులు శక్తికొద్దీ బిగించాను, జాకీ దించాను. కారు ఎడమవైపుకు ఒరిగి నిలబడింది. కుడి మడ్‌గార్డు కింద నాలుగు వేళ్లు దూరుతున్నాయి, ఎడమవైపు రెండు కూడా కష్టమే. స్ప్రింగుల్లో తేడా ఉందనుకుని, మళ్లీ విప్పి కుడిది ఎడమకూ ఎడమది కుడికీ మార్చాను. దించితే మళ్లీ అదే ఒరుగు, అదే వైపు.

అప్పుడే ప్రసాదు గారు వచ్చారు. తెల్లారితే పెళ్లి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, నా వైపు చూడకుండానే, "ఏందండీ వీరభద్రం గారూ, పక్షవాతం వచ్చినట్టుంది బండికి! ఆడపిల్ల చేతికిస్తే ఇట్టాగే ఉంటది. కుడిపక్క స్ప్రింగు ఒక చుట్టు కోసేయించండి, సమం అయిపోద్ది" అన్నారు. మా వైపు ఎత్తు తేడా వస్తే అందరూ చేసే వైద్యం అదే, గ్యాసు కట్టరుతో ఒక చుట్టు లేపేయడం. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోస్తే నా పని తప్పని తేలిపోతుంది. ఇక ఈ షెడ్డుకు వచ్చేవాళ్లెవరూ తమ బండిని నన్ను ముట్టుకోనివ్వరు. నేను వెనక్కి వెళ్లాల్సింది బిల్లుల కౌంటరుకే.

వీరభద్రం గారు సాసరులో టీ పోసుకుని తాపీగా తాగారు. "కోస్తే మళ్లీ అతకలేం కదండీ" అని ప్రసాదు గారితో అని, నా వైపు తిరిగి, "అమ్మాయ్, స్ప్రింగులు అటుదిటు మార్చావుగా. తప్పు స్ప్రింగుదైతే ఒరుగు కూడా దాంతోపాటే అటు పోవాలిగా?" అన్నారు. నేను కారు కిందకి దూరి చాలాసేపు చూస్తూ పడుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, బిగించేటప్పుడు ఎడమ చక్రాన్ని మోసే ఇనుప కమ్మీ బోల్టు పట్టక, కింద రెండో జాకీ పెట్టి దాన్ని పైకి ఎత్తాను. కుడిదానికి ఆ అవసరం రాలేదు, చక్రం గాలిలో వేలాడుతుండగానే బిగించేశాను, రెండుసార్లూ. అలా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షు ఆ వేలాడడమే తన అసలు స్థానమనుకుంటుంది. నేలకు దించాక మెలి తిరిగి, బండిని పైకి నెడుతూనే ఉంటుంది. బయటికి వచ్చి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

బోల్టులు వదులు చేసి, చక్రాల కింద మందపాటి బల్లచెక్కలు పెట్టి కారును దించాం. అప్పుడు ఆయన తన పద్ధతి మొదలుపెట్టారు. బిగించే ముందు, బండిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో వాళ్లు అక్కడ కూర్చోవాల్సిందే. ప్రసాదు గారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. పెళ్లికూతురిని ఎక్కడి నుంచి తెస్తాం? షెడ్డు వెనకే ఇల్లు. భార్య సుగుణమ్మ గారిని కేకేసి వెనక సీట్లో ఎడమవైపు కూర్చోమన్నారు. "పొయ్యి మీద కూర మాడిపోద్ది, నాకీ వయసులో ఊరేగింపేంటండీ" అని ఆవిడ గొణుగుతూనే కొంగు సర్దుకుని కూర్చుంది. ఆయన వెళ్లి పక్కన చేరారు.

"అయ్యో, మీరు ఎక్కితే బిగించేదెవరండీ?" అన్నారు ప్రసాదు గారు కంగారుగా.

"నేను పెళ్లికొడుకునయ్యా, కిందికెట్టా దిగుతాను? అమ్మాయే బిగిస్తది."

ముగ్గురూ కూర్చున్న కారును నాలుగుసార్లు ఊపాను. కిర్రుమంది. పానా పట్టబోతుంటే పైనుంచి ఆ మాట వినబడింది, "ఆగు, అదింకా కూర్చోలేదు" అని. ఇంకోసారి ఊపాను. ఈసారి చప్పుడు రాలేదు. ఆ ముగ్గురి బరువు కింద పడుకుని, రెండు వైపులా బిగించాను. బయటికి వచ్చి చూస్తే కారు నీళ్లు పోసినా ఒలకనంత సమంగా ఉంది. ప్రసాదు గారు రెండు వైపులా వేళ్లు పెట్టి చూసుకున్నారు. "బాగా చేశావమ్మా" అన్నారు నాతోనే, నా ముఖం చూసి. ఆ ఏడు ఆయన పంపిన మిరపకాయలు మా ఇంట్లో పచ్చడికి సరిపోయాయి.

తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాను. పనికి కొత్తగా చేరినవాళ్లను ఒక్క తప్పుకే వెళ్లగొట్టబుద్ధి కాదు నాకు. వాళ్లనింకా గాలిలోనే చూస్తున్నానేమో, నేల మీద బరువు పడ్డాక ఎలా ఉంటారో అని ఆగుతాను. వీరభద్రం గారి దగ్గర నేర్చిన పని ఒకటైతే, వచ్చిన బుద్ధి ఇది.

మొన్న సుగుణమ్మ గారు వీరభద్రం గారి సొంత కారును మా షెడ్డుకు తోలించుకుని వచ్చారు. అదీ పద్మినియే. ఆయన పోయినప్పటి నుంచి కదలక బుష్షులు పాడయ్యాయి. కొత్తవి వేసి, నేలకు దించి, "అమ్మగారూ, మీ చోట కూర్చోండి" అన్నాను. ఆవిడ ముందు ఎడమవైపు సీట్లో కూర్చుంది. స్టీరింగు ముందు చోటు ఖాళీగా ఉంది. ఆయన బరువుకు సరిపడా తవుడు బస్తా ఏదైనా తెప్పిద్దామని చుట్టూ చూస్తున్నాను.

"ఏం వెతుకుతున్నావే?" అందావిడ. చెప్పాను.

ఆవిడ కాసేపు ఆ ఖాళీ సీటు వైపు చూసింది. "ఆయన దీన్ని నీకివ్వమని చెప్పే పోయారు. నడిపేదానివి నువ్వు, ఆయన బరువెందుకు? ఎక్కి కూర్చో. మీ కుర్రాణ్ణి నీ బరువుకే బిగించమను" అంది.

పానా మా కుర్రాడి చేతికిచ్చి ఎక్కి కూర్చున్నాను. కారు కిర్రుమంది. వాడు కింద బోల్టు పట్టాడు.

"ఆగరా" అన్నాను. "అదింకా కూర్చోలేదు."