వదిన డబ్బాలో చికోరీ

ఆ రోజు వదిన కాఫీపొడి డబ్బాలో చికోరీ కలిపింది నేనేనని అమ్మ ముందు చెప్పలేదు. చెప్పవలసిన క్షణంలో రస్కు నములుతూ కూర్చున్నాను. మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ వదిన కాఫీ మీద పరిహాసాలాడుతున్నారు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల మొదట్లో ఢిల్లీలో ఉద్యోగం దొరికి, సైన్యంలో పనిచేసే అన్నయ్య దగ్గర, కంటోన్మెంటు క్వార్టర్సులో ఉండేవాణ్ణి. మాది కోస్తా. వదినది వరంగల్ వైపు, చాయ్ తాగే ఇల్లు. పెళ్ళయ్యాకే ఆమె కాఫీ ఫిల్టర్ ముట్టుకుంది. పట్టుబట్టి నేర్చుకుంది. ఆదివారం పొద్దున్నే ఇరుగుపొరుగు ఏదో వంకతో వచ్చి కూర్చునేంత బాగా చేసేది.

పొడి తేవడం నా పని. కరోల్ బాగ్‌లో ఒక తమిళాయన గింజలు వేయించి, కళ్ళముందే పట్టి ఇచ్చేవాడు. "పీబెర్రీ యా ప్లాంటేషన్? చికోరీ కిత్నా?" అని మొదటిసారి అడిగితే తెల్లమొహం వేశాను. ఆయన గింజలు నా అరచేతిలో పోశాడు. మామూలు కాయలో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని చదునుగా ఉంటాయట, ప్లాంటేషన్ అంటే అవి. ఒక్కటే పెరిగితే బఠాణీలా గుండ్రంగా ఉంటుంది, అది పీబెర్రీ. చికోరీ అసలు కాఫీయే కాదు, ఒక మొక్క వేరు. వేయించి కాస్త కలిపితే డికాక్షన్‌కు రంగూ చిక్కదనమూ వస్తాయి.

అప్పటినుంచి ఎక్కడ కాఫీ కనిపించినా ఆరా తీయడమే. పెళ్ళి పందిట్లో యంత్రం బుస్సుమంటూ పోసే నురగ కాఫీ మీద చాక్లెట్ పొడి చల్లి, ఎస్ప్రెస్సో అనేవారు. పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ ఇన్‌స్టంట్ పొడిలో చక్కెర, నాలుగు చుక్కల నీళ్ళు వేసి తెల్లబడేదాకా గిలక్కొట్టేది. రెండింట్లోనూ ఉన్నది ఒకే రకం పొడి అని తెలిసి ఆశ్చర్యపోయాను. కలిపే తీరుతోనే రుచి ఇంత మారితే, పాళ్ళు మారిస్తే ఏమవుతుందో చూడాలనిపించింది.

అమ్మ వస్తోందని తెలిసింది. ఆవిడకి చిక్కటి కాఫీ ఇష్టం. విడిగా చికోరీ పొట్లం తెచ్చి, సగం పైగా వదిన డబ్బాలో వంపేశాను. ఎవరికీ చెప్పలేదు.

అమ్మ వచ్చిన మర్నాడు డికాక్షన్ ఎంతకీ దిగలేదు. దిగిన కాస్తా తారులా ఉంది. అమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఇది కాఫీయా, కషాయమా అమ్మాయ్?"

"రోజు ఏసినంతనే ఏసిన అత్తమ్మా," అంది వదిన.

"పోన్లే. చాయ్ నీళ్ళ మీద పెరిగినదానివి. కాఫీ పుట్టింట్లోనే చేతికి రావాలి."

అన్నయ్య నవ్వాడు. వదిన డబ్బా మూత తీసి వాసన చూసింది. నేను ఇంకో రస్కు ముంచుకున్నాను.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఫిల్టర్ ఆవిడ చేతిలోనే. ఆవిడ వెళ్ళాక వదిన దాన్ని అటక మీద పెట్టేసింది. ఎవరొచ్చినా "నాకు కాఫీ రాదు తియ్" అని చాయ్ ఇచ్చేది.

కొన్నేళ్ళకి అన్నయ్యకు బదిలీ అయింది. సామాను సర్దుతూ వదిన ఆ ఫిల్టర్ నా చేతిలో పెట్టింది.

"నువ్వు తీస్కపో. ఈడ ఎవరికొస్తది కాఫీ?"

అప్పుడు చెప్పాను. ఆమె పెట్టె కట్టడం ఆపి నా వైపు చూసింది.

"నాకు చెప్తే ఏమొస్తది? కషాయం అన్నది ఎవరు? ఆమెకు చెప్పు."

ఇద్దరం గేటు బయట ఎస్‌టీడీ బూత్‌కి నడిచాం. వదిన తలుపు దగ్గరే నిలబడింది. ఆమెకు వినపడేలా ఫోన్‌లో అన్నాను.

"అమ్మా, ఆ రోజు డబ్బాలో చికోరీ వంపింది నేను. వదిన చేతిలో తప్పేం లేదు. నువ్వన్న మాట నేను పడాల్సింది."

రిసీవర్ చేత్తో మూసి ఆమె వైపు తిరిగాను.

"తప్పయింది వదినా. ఆ పొద్దునే చెప్పాల్సింది."