అర్జీ తాతగారి గొంతు

ఆ బడి గుమాస్తాగారికి నోటితో చెప్పిన మాట చెవికెక్కదు. వినికిడి లోపమేమీ లేదు. రెండు గదుల అవతల ఎవరైనా కలం మూత తీస్తే ఆయనకు వినబడుతుంది. అయితే ఏ విషయమైనా కాగితం మీదికెక్కి, పైన తేదీ, మధ్యలో విషయము, కింద సంతకము పెట్టుకుని వస్తేనే అది జరిగినట్టు ఆయన లెక్క. తక్కినదంతా గాలి. ముప్పై నాలుగేళ్ళుగా పై అధికారుల లేఖలకు నకళ్ళు రాసి రాసి ఆయన మాట కూడా నకలులాగే తయారైంది. పిల్లలు ఆయనకు అర్జీ తాత అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. లిఖితపూర్వకంగా ఎవరూ తెలియజేయలేదు గనుక పట్టించుకోలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. ఉప్పు అయిపోయిందని భార్య వంటింట్లోంచి కేక వేస్తే, "చీటీ రాసి పంపుము" అంటారు. ఆవిడా సామాన్యురాలు కాదు. ఒకనాడు ఆయన భోజనానికి కూర్చునేసరికి ఖాళీ కంచంలో చీటీ ఒకటి కనిపించింది: "ఉప్పు గురించిన నిన్నటి చీటీకి జవాబు రానందున వంట నిలిపివేయడమైనది." ఆయన దాన్ని రెండుసార్లు చదివి, "భాష బాగున్నది" అని మెచ్చుకుని, చొక్కా తొడుక్కుని అంగడికి బయలుదేరారు.

చిన్న తరగతి టీచరు బడికి కొత్తగా వచ్చిన వారంలోనే ఆయనతో తలపడవలసివచ్చింది.

"గుమాస్తాగారూ, మా గది తలుపు గడియ ఊడిపోయిందండీ. పిల్లలు బయటికి పరుగెడుతున్నారు."

"అర్జీ?"

"ఇప్పుడేగా చెప్పాను!"

"చెప్పితిరి. అర్జీ ఎక్కడ?"

ఆమె రాసి ఇచ్చింది. విషయము అన్న పంక్తి లేదని తిప్పి ఇచ్చారు. మళ్ళీ రాసింది. తేదీ లేదన్నారు. మూడోసారి కళ్ళజోడు సవరించుకుని, "గడియ అనగా పై గడియయా, కింది గడియయా?" అని అడిగారు. ఈలోగా ఇద్దరు పిల్లలు గేటు దాకా వెళ్ళి కాపలాదారుకు చిక్కారు.

"అసలు మీరు మనిషా, దస్త్రమా?" అని టీచరు ఉండబట్టలేక అనేసింది.

"ఆ సందేహమును కూడా రాసి ఇవ్వవచ్చును" అన్నారాయన.

ఆమె తరగతిలో నాలుగున్నరేళ్ళ పాప ఒకతె ఉంది. అమ్మమ్మ ముద్దుగా పిచుక అని పిలిచేది. బడిలోనూ అదే పేరు స్థిరపడింది. పిచుకకు విన్నదంతా అర్థమవుతుంది గాని మాట రాదు. దాహం వేసినా ఏడుస్తుంది, కడుపు నొప్పి వచ్చినా ఏడుస్తుంది. ఏ ఏడుపు దేనికో టీచరు కనిపెట్టేలోపు ఇంటి గంట కొట్టేస్తారు.

"నెలాఖరుకు తనిఖీ అధికారి వస్తున్నారమ్మా" అని ప్రధానోపాధ్యాయురాలు హెచ్చరించింది. "తన అవసరం తాను చెప్పుకోలేని పిల్లను మామూలు తరగతిలో ఉంచకూడదని పోయినసారే అన్నారు. ఈసారి కూడా ఇలాగే ఉంటే ఊరవతల ప్రత్యేక బడికి రాసేస్తారు."

పిచుక తల్లి కుట్టుపని కార్ఖానాలో పనిచేస్తుంది. ఆమె టీచరు చేతులు పట్టుకుంది. "అక్కడికి రెండు బస్సులు మారాలి టీచరమ్మా. నా తిప్పలు సరే, ఎలాగో పడతాను. కానీ ఇక్కడ ఈ పిల్లల మధ్య ఉంటే అది నవ్వుతోంది. ఇంట్లో కూడా అంత నవ్వదు."

సరిగ్గా ఆ సమయానికే బడికి ఒక టాబ్లెట్ వచ్చింది. తెర మీద పన్నెండు బొమ్మలు. గ్లాసు బొమ్మ నొక్కితే నీళ్ళు కావాలని, బంతి బొమ్మ నొక్కితే ఆడుకుంటానని అది పైకి చెబుతుంది. చెప్పవలసిన మాటలను మాత్రం మనమే ఎవరో ఒకరు మన గొంతుతో అందులో నింపాలి. ముప్పై మంది పిల్లల మీద అరిచి అరిచి టీచరు గొంతు ఆ వారమే పూర్తిగా పోయింది. మిగతా టీచర్లు పరీక్షల పనిలో మునిగి ఉన్నారు. ఇక మిగిలింది గుమాస్తాగారు. మాట పెగలదు గనుక ఆమె తనకు కావలసిన పన్నెండు మాటలూ తేదీతో సహా కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టింది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకు తమకు పద్ధతి తెలిసినది" అంటూ టాబ్లెట్ తీసుకుని పాత దస్త్రాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గంట తర్వాత బయటికి వచ్చి, "చిత్తుప్రతిలో కొన్ని లోపములుండగా సవరించితిని" అన్నారు.

ఆ సవరణ ఏమిటో మర్నాడు తెలిసింది. పిచుక గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టగానే టాబ్లెట్ గొంతు సవరించుకుంది.

"గౌరవనీయులైన ఉపాధ్యాయురాలి గారి సముఖమునకు. విషయము: దాహము. నాకు దాహము అధికముగా నున్నందున, ఒక గ్లాసెడు మంచినీరు ఇప్పించవలసినదిగా సవినయముగా కోరుచున్నాను. ఇట్లు, తమ విధేయురాలు."

తరగతి ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది పిచుక. ఆ నవ్వులు సద్దుమణగకముందే పక్క గదిలోంచి గుమాస్తాగారు నీళ్ళ గ్లాసుతో వచ్చి, ఆమె ముందు వంగి, "తమ అర్జీ మంజూరైనది" అని అందించి వెళ్ళారు.

వారం తిరక్కుండా తరగతి మొత్తం ఆ భాషలోకి దిగింది. ఒక తల్లి లబలబలాడుతూ వచ్చింది. "స్నానం చేయరా అంటే మావాడు 'తమ ఉత్తర్వు పరిశీలనలో ఉన్నది' అంటున్నాడండీ! చంపుకు తింటున్నాడు!"

టీచరుకు తల కొట్టేసినట్టయింది. అధికారి ముందు ఈ గోల జరిగితే పరువు పోతుంది. గొంతు తిరిగి రాగానే పాత మాటలన్నీ చెరిపేసి, "నీళ్ళు కావాలి", "ఆడుకుంటాను" అని తన గొంతుతో తీయగా నింపింది. అప్పటికి తనిఖీకి ఆరు రోజులే ఉంది.

పిచుక గ్లాసు బొమ్మ నొక్కింది. విన్నది. పక్క గది గోడవైపు చూసింది. మళ్ళీ నొక్కి మళ్ళీ చూసింది. ముప్పై మంది సందడిలో టీచరు చెవిన అది పడేసరికి పిచుక టాబ్లెట్‌ను బోర్లా పెట్టేసి ఏడుపు మొదలుపెట్టింది. మర్నాడు దాన్ని ముట్టుకోనైనా లేదు. ఆ మర్నాడూ అంతే. ఏడుపులు మాత్రం యథాప్రకారం వచ్చేశాయి.

నాలుగో రోజున టీచరు దిక్కుతోచక ఆఫీసు గదికి వెళ్ళింది. గుమాస్తాగారు కుర్చీలో లేరు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో "బొమ్మల ద్వారా అందిన అర్జీలు" అని రాసి ఉంది.

"సంఖ్య 7. అర్జీదారు: పిచుక గారు. విషయము: కడుపు నొప్పి. తీసుకున్న చర్య: వేడినీటి కాపడము. తల్లిగారికి ఫోను."

"సంఖ్య 19. విషయము: పక్క బాలుడు బంతి లాక్కొనుట. చర్య: ఇరుపక్షములను విచారించి రాజీ కుదర్చడమైనది."

"సంఖ్య 24. విషయము: దాహము. చర్య: నీరు ఇవ్వడమైనది. అర్జీదారు నవ్వినది."

ఆ తర్వాత ఎర్ర సిరాతో ఒకే పంక్తి: "నాలుగు దినములుగా అర్జీలు లేవు. కారణము తెలియరాలేదు."

వెనక అడుగుల చప్పుడైంది. గుమాస్తాగారు ఆమె చేతిలోని రిజిస్టరు చూసి గతుక్కుమన్నారు.

"అది కార్యాలయ పత్రము."

"మొదటి రోజు పిచుక రెండుసార్లు నొక్కిందండీ, మీకు వినబడలేదా?"

"గోడ అవతలి నుండి తమ గొంతే వినవచ్చినది. తమరు రోజంతా ఏదో ఒకటి చెప్పుచునే ఉందురు కదా, తమ మాటే అనుకొంటిని."

"నోటిమాట వినరు కదా మీరు! మరి దీని మాటకు మాత్రం రిజిస్టరే పెట్టారే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి ఆయన మాటలోంచి దస్త్రాల భాష జారిపోయింది. "నోటితో అడిగితే గట్టిగా అరిచినవాడి పనే ముందు అయిపోతుంది టీచరమ్మా. మెల్లగా అడిగేవాడు వెనకే నిలబడిపోతాడు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కాగితం మీదయితే అందరి గొంతూ ఒకటే. అందుకని దాన్నే పట్టుకు వేలాడాను. పిచుకకు కాగితం రాయడం రాదు కదా. దాని బదులు నేనే రాసి చదివాను. అంతే."

టీచరు రిజిస్టరును బల్ల మీద పెట్టింది. "అదంతా నేను చెరిపేశానండీ" అంది.

"నకలు లేకుండా నా చేతి నుండి ఏ కాగితమూ బయటికి పోదు" అంటూ ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. సొరుగులోంచి మూడు ప్రతులు బయటికి వచ్చాయి. ఆ సాయంత్రమే ఆయన వాటిని చూసి చదివి టాబ్లెట్‌లో మళ్ళీ నింపారు.

తనిఖీ అధికారి భారీ మనిషి. పిల్లల బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ఇరుక్కుని కూర్చున్నాడు. ఆయన వెనక దస్త్రాలు పట్టుకుని గుమాస్తాగారు ఉన్నారు. గుమ్మంలో పిచుక తల్లి సగం పూట సెలవు పెట్టి వచ్చి నిలబడింది.

"ఏం పాపా! ఈ బడి నచ్చిందా? ఇక్కడే ఉంటావా?"

టీచరు టాబ్లెట్ వైపు చూసింది. నీళ్ళు, ఆట, నిద్ర, నొప్పి అని అడిగితే పలకడానికి బొమ్మలున్నాయి. ఈ ప్రశ్నకు బొమ్మ లేదు. పిచుక వేలు ఒక్కొక్క బొమ్మ మీదుగా నెమ్మదిగా నడిచింది. చిట్టచివరి బొమ్మ దగ్గర ఆగింది. దోసిలి చాచిన బొమ్మ అది. బిస్కెట్లు ఇంకో రెండు కావాలనుకున్నప్పుడు నొక్కడానికి పెట్టింది. పిచుక అధికారి ముఖంలోకి చూసి, దాన్ని గట్టిగా నొక్కింది.

"విషయము: కొనసాగింపు. ప్రస్తుతము అందుచున్న సదుపాయము మిక్కిలి సంతృప్తికరముగా నున్నందున, దీనిని నిలిపివేయక, యథాతథముగా కొనసాగించవలసినదిగా సవినయముగా కోరుచున్నాను. ఇట్లు, తమ విధేయురాలు."

అధికారి టాబ్లెట్ మీదికి వంగాడు. "ఎవరు రాశారయ్యా ఇది? మా ఆఫీసులో ఇంత సూటిగా ఒక్కడూ రాయడే!" అని, జేబులోంచి కలం తీసి, పిచుక దస్త్రం మీద "కొనసాగించవచ్చును" అని రాసి సంతకం పెట్టాడు. గుమ్మంలో తల్లి చేత్తో నోరు మూసుకుంది గాని నవ్వు ఆగలేదు.

పిచుక పని ఇంకా పూర్తి కాలేదు. కాళ్ళు రెండూ దగ్గరికి పెట్టుకుని మరో బొమ్మ నొక్కింది.

"విషయము: మిక్కిలి అత్యవసరము. కారణములు వివరించుటకు వ్యవధి లేదు. తక్షణమే దారి ఇప్పించవలెను."

గుమాస్తాగారు పరుగున వెళ్ళి తలుపు బార్లా తీశారు. అధికారి చప్పున లేచి, నడుముకు అంటుకుపోయిన బుల్లి కుర్చీతో సహా పక్కకు తప్పుకున్నాడు.