పుట్టువెంట్రుకలకు ముందు తీసిన ఫోటో

నా చిన్నప్పుడు మా నాన్నకు హోసూరు ఫ్యాక్టరీలో పని దొరికితే, అనంతపురం వైపు నుంచి అందరం మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం. ఒకే గోడకు ఆనుకున్న వరసిళ్ళలో మాదొక గది. చుట్టూ మాలాగే పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళే. వీధిలో అరవం వినపడితే మా అమ్మ తలుపు దగ్గరగా వేసేది. నా తమ్ముడు అప్పటికి చంకబిడ్డ. చలిగాలి తగిలితే చాలు, వాడికి పిల్లికూతలు మొదలయ్యేవి. డొక్కలెగరేస్తూ ఊపిరి కోసం వాడు పడే అవస్థ చూస్తే నాకు అన్నం దిగేది కాదు.

పక్కింటి అక్క ఒక్కతే ఆ ప్రాంతపు మనిషి, హోసూరు దగ్గరి కెలమంగలం ఆమెది. పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి, హోసూరు బజారులో పప్పుల అంగడి నడిపే ఇంటికి కోడలుగా వచ్చింది. అమ్మా నేనూ ఇద్దరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళం. ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలకు పెద్దాసుపత్రిలో ఉచితంగా వైద్యం చేసే కార్డు ఒకటుందనీ, మా వరసలో ఎవరికీ ఆ సంగతే తెలియదనీ ఆమె చెవిన పడింది. ఇక ఊరుకుంటుందా! మధ్యాహ్నం అంగడి మూసిన వేళల్లో ఇల్లిల్లూ తిరిగింది. కొందరు ముఖం మీదే తలుపేశారు. ఇందులో ఈమెకేం లాభమో అని కొందరు గుసగుసలాడారు. వచ్చిందమ్మా జలగ అని మా అమ్మే గొణిగేది. అక్కది ఉడుంపట్టు. మూసిన తలుపు దగ్గరికే మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

కార్డు కావాలంటే ఇంటిల్లిపాదీ కలిసి ఫోటో దిగాలి. ఫోటోలో లేని బిడ్డకు వైద్యం లేదు. కృష్ణగిరి నుంచి ఫోటోలు తీసేవాళ్ళు ఆ ఆదివారం వచ్చి పోతే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. అమ్మ నన్ను ముస్తాబు చేసింది గానీ, తమ్ముణ్ణి మాత్రం బయటికి తీసుకురానంది. వాడి పుట్టువెంట్రుకలు కదిరి నరసింహస్వామికి మొక్కి ఉన్నాయి. అవి తీయకముందు ఫోటో తీస్తే బిడ్డకు ఆయుష్షు తగ్గుతుందని మా ఇంట్లో పట్టింపు. నాన్న కసురుకున్నాడు. కార్డులు రాయడానికి ఫోటోవాళ్ళతో వచ్చిన ఆఫీసరు నవ్వాడు. అమ్మ బిడ్డను గుండెకు అదుముకుని లోపలికి వెళ్ళిపోయింది.

అక్క నవ్వలేదు, కసరలేదు. లోపలికి వచ్చి అమ్మ పక్కన నేలమీద కూర్చుంది.

"మా పుట్టింట్లో పురుగులుండే గదిలోకి కొత్తోళ్ళని రానియ్యమమ్మా. కన్ను పడితే గూడు కట్టవని మాయమ్మకు భయం. నీ భయం నాకు తెల్దా?" అంది.

అమ్మ ఏడ్చేసింది. "నా బిడ్డకేమన్నా అయితే నేను యాడికి పోయేదక్కా?"

"ఈడనే ముడుపు కడదాం. తప్పుంటే నా మీద ఏసుకుంటా. కదిరికి నేనూ వస్తా. స్వామికి నేనే చెప్పుకుంటా."

పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి, తన చేత్తోనే ముడివేసి మా దేవుడి పటం ముందు ఉంచింది. తమ్ముడి బుగ్గన శనగగింజంత కాటుకచుక్క పెట్టింది. చుక్క తుడవమని ఫోటో తీసేవాడు విసుక్కుంటే, అక్క అరవంలో వేసిన కేకకు అతని నోరు మూతపడింది. ముఖం తెలుస్తోంది కదా, చుక్క ఉంటే నీ కెమెరాకేం నొప్పి అందట. ఆ అరవం నాకు చాలా తర్వాత అర్థమైంది లెండి.

వానలు పట్టిన కొత్తలో ఒక పొద్దున తమ్ముడి పెదాలు నీలంగా మారిపోయాయి. నాన్న కార్డు జేబులో వేసుకుని, వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. వాళ్ళు వాణ్ణి ఉంచుకుని, వైద్యం చేసి, బతికించి పంపారు. ఇంటికి రాగానే అమ్మ బిడ్డను తెచ్చి మొదట అక్క ఒడిలోనే పెట్టింది. ఆ తర్వాత అందరం కదిరికి వెళ్ళాం. అన్న మాట తప్పకుండా అక్కా వచ్చింది.

ఆ వరసిళ్ళలో ఇప్పుడు బీహారు నుంచీ, ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళున్నారు. పిల్లల ఆరోగ్య కార్డుల కోసం నేనూ గడపగడపకూ తిరుగుతున్నాను. వీళ్ళకు ఎంత చెప్పినా తలకెక్కదని నాతో వచ్చేవాళ్ళు విసుక్కుంటారు. అప్పుడు నాకు చెడ్డ కోపం వస్తుంది. భయపడే తల్లికి తెలివి లేదని ఎవరన్నారు? మొన్న ఒకామె బిడ్డను కొంగులో దాచుకుని తల అడ్డంగా ఊపింది. ఆమె భాష నాకు రాదు. ఆ చూపు మాత్రం నాకు తెలుసు, అది మా అమ్మది. నాతో వచ్చినవాళ్ళను పక్కింటికి పొమ్మని, నేను ఆమె గుమ్మం పక్కన నేలమీద కూర్చున్నాను. ఆ బిడ్డ పేరు కార్డెక్కేదాకా నేను లేచేది లేదు.